వింగులో ట్యాబ్: గోదావరి నాటకానికి డిజిటల్ ప్రాంప్ట్ స్క్రిప్ట్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

క్లుప్తంగా: డిజిటల్ ప్రాంప్ట్ స్క్రిప్ట్ అసలు పని నటుడికి డైలాగ్ అందించడం కాదు. ఏ మాట దగ్గర ఏ లైటు మారాలి, ఏ శబ్దం రావాలి, ఎవరు ఏ వింగు (వేదిక పక్కన తెర చాటు) నుంచి రావాలి అన్నవన్నీ రాసి ఉంచే స్టేజ్ మేనేజర్ పుస్తకానికి అది కొత్త రూపం. సాంఘిక నాటికలకి దీనివల్ల లాభం ఎక్కువ. పద్యనాటకానికి తక్కువ, అదీ వేరే రకంగా. గోదావరి జిల్లాల నాటక సమాజాలకి దీంట్లో పెద్ద అడ్డంకి ట్యాబ్ ధర కంటే డీటీపీ సెంటర్లలో వాడే పాత ఫాంట్లు.

ఒకే పేరు, మూడు పనులు

"ట్యాబ్‌లో ప్రాంప్టింగ్ పెట్టుకుంటే సరిపోతుంది కదా" అన్న మాట నాటక సమాజాల్లో వినిపిస్తుంటుంది. ఆ మాట అన్నవాళ్ళందరి మనసులోనూ ఉన్నది ఒకటే వస్తువు కాదు. ఒకరు టీవీలో వార్తలు చదివేవాళ్ళ ముందు కదిలే అక్షరాల తెరని ఊహించుకుంటారు. ఇంకొకరు, నటుడు మరిచిపోయిన మాటని తెర చాటు నుంచి అందించే ప్రాంప్టర్ చేతిలోని నోటుబుక్కు బదులు ఫోన్ ఉంటుందనుకుంటారు. మూడోవాళ్ళు లైట్లు, సౌండూ వాటంతట అవే మారిపోయే యాప్ ఏదో వచ్చిందనుకుంటారు. డిజిటల్ ప్రాంప్ట్ స్క్రిప్ట్ ఈ మూడింటిలో ఏదీ కాదు. రెండోదానికి కాస్త దగ్గరి చుట్టం, అంతే.

ఈ గందరగోళం చరిత్రలోంచి వచ్చింది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించిన నాటి నుంచీ ఈ ప్రాంతంలో నాటకం ప్రధానంగా ఔత్సాహికుల చేతుల మీదే నడిచింది. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సల్. నాటకం మొత్తం రాసి ఉన్న ప్రతి ఒకటో రెండో ఉండేవి. ఎవరి పాత్ర మాటలు వాళ్ళు నోటుబుక్కులో ఎక్కించుకునేవాళ్ళు. పూర్తి ప్రతి ఎవరి దగ్గర ఉంటే ఆయనే ప్రాంప్టర్.

షేక్‌స్పియర్ కాలపు లండన్‌లోనూ ఇదే పద్ధతి. నటుడికి తన మాటలు, వాటికి ముందొచ్చే ఎదుటి పాత్ర మాటలు కొన్ని మాత్రమే రాసిచ్చేవాళ్ళు. మొత్తం పుస్తకం తెర వెనక ఒక్కరి దగ్గరే ఉండేది. దారులు విడిపోయింది ఆ తర్వాత. అక్కడ గ్యాస్ దీపాలు, తర్వాత కరెంటు దీపాలు, కదిలే సెట్టింగులు, రికార్డు చేసిన శబ్దాలు వచ్చినకొద్దీ వాటి సూచనలన్నీ ఆ ఒక్క పుస్తకంలోకే చేరాయి. పుస్తకం పట్టుకున్న మనిషే క్రమంగా స్టేజ్ మేనేజర్ అయ్యాడు. మాట అందించడం అతని పనుల్లో చిన్నదైపోయినా పాత పేరు మాత్రం పోలేదు. ఇంగ్లండులో ఇప్పటికీ నటుడి ఎడమ చేతి వైపు వింగుని ప్రాంప్ట్ వైపు అంటారు.

మన దగ్గర పుస్తకం మాటల దగ్గరే ఆగింది. లైట్ల సంగతి లైట్‌మ్యాన్ బుర్రలో, తెర సంగతి తెర లాగే మనిషి కళ్ళలో, సంగీతం హార్మోనిస్టు వేళ్ళలో ఉండేవి. నలుగురూ కలిసి పదేళ్ళు పనిచేసిన సమాజంలో ఇది చక్కగా నడిచింది. ఆ నలుగురిలో ఒకరు మంచం పట్టినప్పుడే, ఏదీ కాగితం మీద లేదన్న సంగతి బయటపడేది.

రెండు పుస్తకాల తేడా

ఒక ఊహాసన్నివేశం తీసుకుందాం. గోదావరికి వరద. లంక గ్రామంలో ఒక ఇల్లు. తల్లి మూటలు కడుతుంటుంది. కొడుకు కుడి వింగు నుంచి పరుగున వచ్చి, "అమ్మా, మూటలు తర్వాత! రేవులోకి పడవొచ్చింది, లెగు" అంటాడు. దూరం నుంచి ఇంజను పడవ చప్పుడు. తల్లి లాంతరు పైకెత్తి గోడ మీది దేవుడి పటం వైపు చూస్తుంది. గదిలో వెలుతురు తగ్గి, పటం మీద ఒక్క ఫోకస్ మిగులుతుంది.

ప్రాంప్టర్ నోటుబుక్కులో ఈ సన్నివేశం ఆ ఒక్క డైలాగు. పక్కన ఎర్ర పెన్సిల్‌తో "కొడుకు – కుడి" అని ఉంటుంది. మొదటి రెండు మాటల కింద గీత ఉంటుంది, నటుడు ఆగిపోతే అందించాల్సింది అవే కాబట్టి.

స్టేజ్ మేనేజర్ పుస్తకంలో అదే డైలాగు పక్కన మూడు సంగతులు ఉంటాయి. తల్లి రెండో మూట ముడి వేస్తున్నప్పుడు "లైటు 22, సౌండు పడవ – సిద్ధం". "పడవొచ్చింది" అన్న మాట ముగియగానే పడవ చప్పుడు. లాంతరు ఆమె భుజం దాకా లేచినప్పుడు లైటు 22, అయిదు సెకన్లలో నెమ్మదిగా. మొదటిది హెచ్చరిక. ఆపరేటర్ చెయ్యి మీట మీదికి వెళ్ళడానికి, సాధారణంగా కొన్ని డైలాగుల ముందే ఇస్తారు. మిగతా రెండూ అమలు చేయాల్సిన క్షణాలు, వీటినే క్యూలు అంటారు. సౌండు మాటని పట్టుకుని నడుస్తోంది, లైటు మనిషి కదలికని పట్టుకుని నడుస్తోంది. లాంతరు లేవకముందే లైటు తగ్గితే ఆ తల్లి చూపుకి అర్థం ఉండదు. మాటలు మాత్రమే ఉన్న పుస్తకం ఈ పొరపాటుని ఆపలేదు.

క్యూ చెప్పే పద్ధతిలో ఒక చిన్న విశేషం ఉంది. ఇంగ్లీషు నాటకశాలల్లో ముందు లైటు నంబరు చెప్పి చివర "గో" అంటారు. ఆ ఒక్క మాట పడేదాకా ఎవరూ మీట ముట్టుకోరు. వేరే సందర్భంలో ఆ మాట హెడ్‌సెట్‌లో అనకూడదని నియమం కూడా పెట్టుకుంటారు. హెడ్‌సెట్ లేనిచోట దీపాలు వాడతారు: ఎరుపు వెలిగితే సిద్ధం, ఆకుపచ్చ వెలిగితే అమలు. తెలుగులో క్రియ ఎలాగూ వాక్యం చివరే వస్తుంది. "లైటు ఇరవై రెండు… వెయ్యి" అనడానికి మనకి కొత్త అలవాటేమీ అక్కర్లేదు. చేయాల్సిందల్లా "వెయ్యి" అన్న మాటని ఆ గంటసేపు ఇంకెందుకూ వాడకుండా ఉండడం.

లైట్లకి అంకెలు, సౌండుకి అక్షరాలు పెట్టడం అక్కడి పాత అలవాటు, రెండూ కలిసిపోకుండా. మన అక్షరాలతో ఇది కుదరదు. గుసగుసలో క, గ ఒకలాగే వినిపిస్తాయి. సౌండుకి పేరు పెట్టుకోవడమే మేలు: పడవ, ఉరుము, గుడిగంట.

తెర మీదికి వస్తే మారేవి

కాగితం పుస్తకానికి ఒక బలహీనత ఉంది. రిహార్సల్లో దర్శకుడు 22కీ 23కీ మధ్య ఇంకో లైటు మార్పు కావాలంటాడు. రెండు రోజుల తర్వాత ఆ సీనే సగం కత్తిరిస్తాడు. ఇలా నాలుగుసార్లు జరిగాక ఆ పేజీ రాసినవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. డిజిటల్ ప్రతిలో మధ్యలో 22.5 అని చేర్చవచ్చు. మెమరీ ఉన్న లైట్ బోర్డులు కూడా ఇలాంటి దశాంశ అంకెల్ని తీసుకుంటాయి. కాబట్టి మిగతా నంబర్లేవీ కదపనక్కర్లేదు. పుస్తకం ప్రదర్శన రోజుకి కూడా శుభ్రంగానే ఉంటుంది.

అసలు లాభం ఊరూరా నాటక పరిషత్తులు జరిపే పోటీల తీరులో కనిపిస్తుంది. విదేశాల్లో పెద్ద నాటకశాలలో ఒక నాటకం ఒకే వేదిక మీద నెలల తరబడి నడుస్తుంది. లైట్లు ఎక్కడ బిగించారో అక్కడే ఉంటాయి. పరిషత్తు నాటిక అలా కాదు. సుమారు గంట నిడివి ఉన్న అదే నాటిక ఇవాళ ఒక ఊళ్ళో, వారం తర్వాత ఇంకో ఊళ్ళో ఒక్కొక్క రాత్రి ఆడాలి. రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం లాంటి హాల్లో ఒకసారి, కోనసీమలో హైస్కూలు ఆవరణలో వేసిన వేదిక మీద ఇంకోసారి. వేదిక వెడల్పు వేరు, వింగుల సంఖ్య వేరు. లైట్లు ఆ ఊరివాళ్ళు అద్దెకి తెచ్చినవి. ముందు నాటిక అయ్యాక సెట్టింగు మార్చుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలు.

ఇలాంటిచోట పుస్తకాన్ని రెండు భాగాలుగా విడగొట్టుకోవడం పనికొస్తుంది. నాటికతో పాటు ప్రయాణించే భాగం ఒకటి: ఏ క్షణాన, ఏ ఉద్దేశంతో, ఎంత వేగంగా మారాలి. ఊరిని బట్టి మారే భాగం ఇంకొకటి: ఆ వేదిక మీద పటం వైపు ఉన్న ఫోకస్ డిమ్మర్‌లో (వెలుతురు పెంచి తగ్గించే పెట్టెలో) ఎన్నో మీట. మామూలు స్ప్రెడ్‌షీట్‌లో ఇవి రెండు నిలువు వరుసలు. కొత్త ఊరికి వెళ్ళగానే ఫైలు కాపీ చేసి, రెండో వరుస ఖాళీ చేసి, లైట్‌మ్యాన్ పక్కన కూర్చుని పావుగంటలో నింపుకోవచ్చు. మొదటి వరుస జోలికి వెళ్ళే పనే లేదు. లైట్‌మ్యాన్‌కి లైట్ల వరుసే, సౌండ్ ఆపరేటర్‌కి సౌండ్ల వరుసే వడగట్టి ఇవ్వడం కూడా ఆ ఫైలుతోనే అవుతుంది.

దీనికి ప్రత్యేకమైన యాప్ తప్పనిసరి కాదు. నటుల కదలికల్ని బొమ్మల్లా గుర్తుపెట్టే స్టేజ్‌రైట్, స్క్రిప్టు మీద రాసుకోవడానికి వీలిచ్చే స్క్రిప్టేషన్ లాంటివి ఉన్నాయి. గూగుల్ షీట్స్, ఒక పీడీఎఫ్ చాలు అనుకునే సమాజం తప్పేమీ చేయడం లేదు.

లైట్లు "వాటంతట అవే" మారడం గురించి ఒక స్పష్టత. ప్రాంప్ట్ స్క్రిప్ట్ దేన్నీ నడపదు, చదవడానికే ఉంటుంది. నడిపేవి వేరే యంత్రాలు. ఒక్క వైరు మీద 512 చానళ్ళ దాకా ఆజ్ఞలు పంపే డీఎమ్‌ఎక్స్ పద్ధతి 1986లో వచ్చింది. ఒక యంత్రం ఇంకోదానికి క్యూ అందించే మిడి షో కంట్రోల్ 1991లో వచ్చింది. క్యూల్యాబ్ లాంటి ప్రోగ్రామ్ ఒక్క బటన్‌తో శబ్దం, వీడియో, లైటు కలిపి కదిలించగలదు, కాకపోతే అది మ్యాక్ కంప్యూటర్లలోనే పనిచేస్తుంది. అద్దె లైట్ల దగ్గర ఉండేది సాధారణంగా చేత్తో ఎత్తి దించే మీటల డిమ్మర్. దానికి మెమరీ ఉండదు. అక్కడ క్యూ అందుకునేది మనిషే. సౌండు మాత్రం లాప్‌టాప్‌లోంచే వస్తుంది కాబట్టి, ఒక ఫైలు అవగానే తర్వాతది తనంతట తాను మొదలవకుండా సెట్టింగు మార్చుకోవడం ఏ యాప్ కన్నా ముందు చూసుకోవాల్సిన సంగతి. ఏడుపు సీన్లో పెళ్ళి సన్నాయి మోగితే ఆ నాటిక మళ్ళీ లేవదు.

ఫాంటు దగ్గర ఆగిపోయే బండి

రచయిత చేత్తో రాసిచ్చిన నాటిక డీటీపీ సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో "అను" అనే పాత రకం ఫాంట్లతో టైపు చేసి, ప్రింటు తీసి, అడిగితే పీడీఎఫ్ కూడా ఇస్తారు. ఆ పీడీఎఫ్ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి. డిజిటల్ స్క్రిప్ట్ సిద్ధమైందని సమాజం అనుకునేది ఇక్కడే, పొరపాటు జరిగేదీ ఇక్కడే.

పాత తరం తెలుగు ఫాంట్లలో ఉన్న కిటుకు ఇది. కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిపెట్టారు: ఒకచోట తలకట్టు, ఒకచోట గుడి, ఒకచోట ఒత్తు. ఫాంటు ఉన్నంతసేపూ కంటికి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేని ఫోన్‌లోకి ఆ మాటల్ని కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు బయటపడతాయి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది కాబట్టి ఆకారం చెడదు. కానీ "లాంతరు" అని వెతికితే ఏదీ దొరకదు. అక్షరం పెద్దది చేస్తే పేజీ మొత్తం పెద్దదై పక్కకి జరుగుతుందే తప్ప వరుసలు తెరకి సరిపడా సర్దుకోవు. డైలాగుని తీసి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టడం కుదరదు. ఒక్క ముక్కలో, అది కాగితానికి ఫొటో లాంటిది.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకి అందులో 128 స్థానాలు కేటాయించారు. "క్ష" అంటే క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు వెళ్తాయి. వాటిని కలిపి ఒక ఆకారంగా చూపించే పని ఫోన్‌ది. అందుకే ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి చాలావరకు సరిగానే మారుస్తాయి, తప్పులు మాత్రం ఒత్తుల దగ్గర, అరుదైన గుర్తుల దగ్గర వస్తాయి. అరసున్నలు, బండి ఱలు ఉన్న పద్యనాటకం ప్రతి అయితే మార్చిన తర్వాత అసలు ప్రతితో పక్కపక్కన పెట్టుకుని ఒకరు పైకి చదువుతూ, ఇంకొకరు సరిచూడాల్సిందే. ఇది రెండు మూడు సాయంత్రాల పని. సాంఘిక నాటిక అయితే ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చదివించుకుని దిద్దుకోవడం కూడా ఒక దారి.

యూనికోడ్ వచ్చాక కూడా ఒక ఉచ్చు మిగిలి ఉంటుంది. అదే ఫైలు ఒకరి ఫోన్‌లో ఒక ఫాంటుతో, ఇంకొకరి లాప్‌టాప్‌లో వేరే ఫాంటుతో తెరుచుకుంటే వరుసలు వేరేచోట విరుగుతాయి. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఫాంటుని బట్టి వరుస ఎత్తు కూడా బాగా మారిపోతుంది. ఒకరి 31వ పేజీ ఇంకొకరికి 33వది అవుతుంది. "31వ పేజీ నుంచి చేద్దాం" అని దర్శకుడు అనగానే రిహార్సల్ గదిలో గొడవ మొదలు. దీనికి మందు పేజీ నంబరు వదిలేసి ప్రతి డైలాగుకీ ఒక నంబరు వేసుకోవడం. 214వ డైలాగు ఏ తెర మీదైనా 214వదే. క్యూలని కూడా ఆ నంబరుకే కట్టాలి.

వాట్సాప్‌లో తిరిగే "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ సార్ మార్చినది" అన్న ఫైళ్ళ బెడద కూడా దీంతో సగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గాలంటే మార్చే హక్కు ఒక్కరికే ఇచ్చి, ఫైలు పేరులో తేదీ పెట్టి, మిగతా అందరికీ చదవడానికి మాత్రమే వీలున్న ప్రతి పంపాలి.

క్యూ కట్టడానికి పనికొచ్చే మాట

ఇంగ్లీషు యాప్‌లు చూపించే పద్ధతిలో, మాట మీద వేలు పెట్టి క్యూ తగిలిస్తే సరిపోతుంది. తెలుగు డైలాగుతో ఇది అంత తేలిక కాదు. రచయిత "వెళ్ళొస్తానండి" అని రాస్తాడు. నటుడు ఒక రాత్రి "వెళ్ళొస్తానండీ" అని సాగదీస్తాడు, ఇంకో రాత్రి "వస్తానండి" అంటాడు, ఊపులో ఉంటే "వచ్చేత్తానండి, ఆయ్" అని చప్పట్లు కొట్టించుకుంటాడు. గోదావరి యాస పాత్రల్లో ఇలాంటి స్వేచ్ఛ సహజం, ప్రేక్షకులు కోరుకునేది కూడా అదే. మారేది దాదాపు ఎప్పుడూ వాక్యం చివరి క్రియే, క్యూ కట్టబుద్ధయ్యేది కూడా అక్కడే.

కాబట్టి ఎంచుకోవాల్సింది మారని వస్తువుని. మనిషి పేరు, సామాను పేరు, గడప దాటడం, లాంతరు దించడం లాంటి కదలిక. మాట తప్పినా కదలిక తప్పదు. సెట్టింగు దానికి కట్టుబడి ఉంటుంది కనుక.

వెతకడంలోనూ తెలుగు స్వభావం అడ్డొస్తుంది. "పడవ" అని కొడితే పడవలో, పడవకి అన్నీ దొరుకుతాయి. "ఇల్లు" అని కొడితే ఇంట్లో, ఇంటికి, ఇంటి దగ్గర దొరకవు, మూలపదమే మారిపోయింది కదా. "ఏరు" వెతికితే "ఏట్లో" రాదు. సీను మధ్యలో చోటు తప్పినప్పుడు మాట కొట్టి వెతుకుదామనే ధైర్యంతో ఉండకూడదు. సీన్ల పేర్లతో ముందే గుర్తులు పెట్టుకుంటే ఒక్క వేలితో అక్కడికి చేరవచ్చు.

వన్స్‌మోర్‌కి గడియారం లేదు

పద్యనాటకం లెక్క వేరు. భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, కడియానికి చెందిన చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి జంటగా రాసిన పాండవోద్యోగ విజయాలు ఈ నేల నాటకమే అనాలి. ఆ పద్యాలు నోటికి రాని పౌరాణిక నటుడు అరుదు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి వచ్చి ఆ సాయంత్రం మేకప్ గదిలోనే కలుసుకునే కాంబినేషన్ నాటకాల్లో రిహార్సలే ఉండదు. వాళ్ళకి మాట అందించే అవసరం పెద్దగా రాదు.

అక్కడ అనిశ్చితంగా ఉండేది నిడివి. ఒక నటుడు రాగాన్ని అర నిమిషంలో ముగిస్తాడు, ఇంకొకడు రెండు నిమిషాలు ఆలపిస్తాడు. జనం "వన్స్‌మోర్" అంటే పద్యం మళ్ళీ మొదటికి వస్తుంది. సెకన్ల లెక్కతో ఒకదాని వెనక ఒకటి నడిచేలా కట్టిన క్యూల వరుస ఇక్కడ మొదటి పద్యంలోనే కుప్పకూలుతుంది. పాశ్చాత్య సంగీత నాటకాల్లో స్టేజ్ మేనేజర్ స్వరలిపి చూస్తూ ఫలానా స్వరం దగ్గర క్యూ చెప్తాడు, వాద్యబృందం ప్రతి రాత్రీ అదే వాయిస్తుంది గనుక. పద్యనాటకంలో ఆ స్వరలిపి హార్మోనిస్టు చెవిలో ఉంటుంది. పద్యం ఎక్కడ ముగియబోతోందో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. నటుడి గొంతు విని తానే లైటు మార్చే సాఫ్ట్‌వేర్ మీద ఆలాపనకీ వన్స్‌మోర్‌కీ మధ్య భరోసా పెట్టుకోలేం.

మరి పద్యనాటకానికి డిజిటల్ ప్రతి దండగా? కాదు, రూపం మారాలి. పూర్తి స్క్రిప్టు అక్కర్లేదు. ఆ రాత్రికి ఏ పద్యాలు ఉంచారు, ఏవి తీసేశారు, ఏ నటుడిది ఏ శ్రుతి, ఎవరు ఏ వైపు నుంచి ప్రవేశిస్తారు, ఏ పద్యం తర్వాత తెర అన్న వరుస ఒక్క పేజీ చాలు. అది హార్మోనిస్టు ముందూ, తెర దగ్గరా ఒకేలా ఉంటే సగం టెన్షన్ పోతుంది. కృష్ణుడి వేషం ఇద్దరు నటులు పంచుకునే నాటకంలో మొదటి కృష్ణుడు ఏ పద్యంతో ఆపాలో, రెండో కృష్ణుడు ఎక్కడ అందుకోవాలో అనే తగువు కూడా ఆ పేజీతోనే తీరుతుంది.

పందిట్లో యంత్రం

వింగులో చీకటి అవసరం. ట్యాబ్ తెర వెలుగు పల్చటి వింగు గుడ్డ మీద నీలంగా పరుచుకుంటుంది, పక్క నుంచి చూసే ప్రేక్షకుడికి అది కనిపిస్తుంది. స్టేజ్ మేనేజర్ కళ్ళు కూడా తెరనీ, వేదికనీ మార్చి మార్చి చూడలేక అలిసిపోతాయి. వెలుగు బాగా తగ్గించి, నల్ల నేపథ్యం మీద లేత అక్షరాలు పెట్టి, నల్ల అట్టతో మూడువైపులా గూడు కట్టాలి. పాత ప్రాంప్టర్లు చిన్న బల్బుకి కాగితపు గొట్టం తొడిగింది ఇందుకే.

ఎండ ఇంకో శత్రువు. ఐప్యాడ్ పనిచేయడానికి తయారీదారు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రిహార్సల్ పెడితే అంతకు మించిన వేడి ఉంటుంది. తెర మసకబారడం, ఛార్జింగ్ ఆగిపోవడం అప్పుడే. డెల్టా ఉక్కపోతలో చెమట వేళ్ళు తగిలితే పేజీ తిరగదు, లేదా రెండు తిరుగుతాయి. పక్కన పొడి గుడ్డ ఉంచుకోవాలి.

తీర్థం జరిగే రాత్రి వేలమంది ఒకేచోట ఉంటే సెల్ సిగ్నల్ ఉన్నా నెట్ నడవదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా వైఫై పెట్టె ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది. స్క్రిప్టు పూర్తిగా పరికరంలోనే దిగి ఉండాలి. ప్రదర్శనకి ముందు ఫ్లైట్ మోడ్, ఆటోలాక్ తీసివేత, పవర్ బ్యాంకు. మూడో సీన్లో బంధువుల వీడియో కాల్ తెర నిండా వచ్చిపడితే ఆ పది సెకన్లలో రెండు క్యూలు పోతాయి. అచ్చు ప్రతి ఒకటి పక్కనే తెరిచి, సీను మారినప్పుడల్లా దాని పేజీ కూడా తిప్పుతూ ఉండాలి. సంచీలో ఉన్న కాగితం ట్యాబ్ ఆగిన క్షణాన అక్కరకి రాదు.

రచయిత భయం

కొత్త నాటిక పీడీఎఫ్ ఒక గ్రూపులో పడితే మర్నాటికి ఎక్కడ ఉంటుందో తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నాటక రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. ఆడుకోవడానికి అనుమతి కావాలి. నటులకి వాళ్ళ సీన్ల వరకే ఇవ్వడం, పూర్తి ప్రతికి పాస్‌వర్డ్ పెట్టడం రచయితతో ముందే మాట్లాడుకోవాల్సినవి. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకున్న సమాజానికి తర్వాతి నాటిక దొరకడం కష్టమవుతుంది.

ఇక ముందు ఏం మారవచ్చు

ముందుగా కనిపించేది ఒకరి బదులు ఇంకొకరు పనిచేసే విషయంలో. సౌండ్ చూసే కుర్రాడికి ఉద్యోగంలో నైట్ షిఫ్ట్ పడితే ఇప్పుడు ప్రదర్శనే వాయిదా పడే పరిస్థితి. క్యూలన్నీ ఒకచోట ఉంటే ఇంకొకరు ఒక్క రిహార్సల్‌తో ఆ కుర్చీలో కూర్చోగలరు.

రెండోది జ్ఞాపకం. అచ్చయిన నాటకంలో మాటలుంటాయి, కొద్దిపాటి రంగసూచనలుంటాయి. ఒక దర్శకుడు ఆ నాటకాన్ని ఎలా కదిలించాడో, ఎక్కడ మౌనం పెట్టాడో, ఏ మాట దగ్గర వేదికని చీకటి చేశాడో అచ్చులో ఉండదు. ఆ దర్శకుడితోనే అది పోతుంది. క్యూలు, కదలికలు నమోదైన ప్రతి ఆ లోటుని కొంత పూడుస్తుంది. వీడియో ఉంటే చాలదా అంటే, వీడియో ఆ రాత్రి ఏం జరిగిందో చూపిస్తుంది, నటుడు చేసిన పొరపాటుతో సహా. ఏం జరగాలని అనుకున్నారో చెప్పేది ప్రాంప్ట్ ప్రతి. అయితే ఆ ఫైలు ఒక సభ్యుడి సొంత ఖాతాలో ఉండి, అతను వేరే ఊరు వెళ్ళిపోతే నోటుబుక్కు చెదలు పట్టినట్టే. సమాజం పేరు మీద ఒక ఈమెయిల్ ఖాతా, ఇద్దరి దగ్గర పాస్‌వర్డ్, ఏడాదికోసారి తీసిపెట్టిన అచ్చు కాపీ ఉండాలి.

మూడోది ప్రాంప్టర్. వేలాడే మైకులు వచ్చాక వింగులోంచి అందించే మాట జనానికీ, న్యాయనిర్ణేతలకీ వినిపించిపోతోంది కాబట్టి ఆ పని ఎలాగూ తగ్గుతూ వచ్చింది. ఆయన దగ్గర ఉన్న సమాచారం మాత్రం ఏ యాప్‌లోనూ లేదు. తండ్రి వేషం వేసే నటుడు మూడో సీన్లో "అప్పు" అన్న మాట దగ్గర ఆగితే అది నటన, "తాకట్టు" దగ్గర ఆగితే మరుపు. కోడలి పాత్రధారికి గడప దాటేముందు చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి రెండు క్షణాలు కావాలి, పక్క నటుడు ఆ రెండు క్షణాలు మాట పట్టి ఉంచాలి. డిజిటల్ ప్రతి తయారుచేసే సాయంత్రం ట్యాబ్ పట్టుకున్న కుర్రాడి పక్కన ఆ పెద్దాయనని కూర్చోబెట్టి, పాత నోటుబుక్కులో ఎర్ర పెన్సిల్ గీత ఉన్న ప్రతిచోటా ఎందుకు గీశారో అడిగి, 214వ డైలాగు పక్కన, 230వ డైలాగు పక్కన అలాగే ఎక్కించుకోవాలి.